దెబ్బతిన్న పాసమ్, తల్లి లేని బాండికూట్ పిల్ల: ఆస్ట్రేలియాలోని తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్‌లలో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు పాసమ్ అనే చెట్టెక్కే రాత్రి జంతువు ముందుగా చప్పుడుగానే పరిచయం అవుతుంది. రాత్రి కప్పు మీద దడదడ, పొద్దున లేచి చూస్తే పెరట్లో గులాబీ చిగుళ్లు మాయం. దాన్ని దగ్గరగా చూసేది మాత్రం చాలామంది అది రోడ్డు పక్కన పడి ఉన్నప్పుడే. మన దేశంలో ఇలాంటి సంచిజంతువులు (పిల్లను పొట్ట మీది సంచిలో పెంచేవి) లేవు. అందుకే అలాంటి పిల్ల చేతికి రాగానే ఉడుతపిల్లకో పిల్లికూనకో చేసినట్టే చేసేస్తాం: ఫ్రిజ్‌లోంచి పాలు తీసి పడతాం, అరటిపండు నలిపి పెడతాం, గాయం మీద పసుపు అద్దుతాం. మూడూ చేటే.

మొదటి గంటలో మీ పని నాలుగు మాటల్లో అయిపోతుంది: జాగ్రత్తగా పట్టడం, చీకట్లో ఉంచడం, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఫోన్ చేయడం. తిండి పెట్టడం అందులో లేదు.

ముందు అదేమిటో తేల్చుకోండి

ఫోన్ ఎత్తినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. జంతువు పేరు తెలిస్తే ఎవరిని పంపాలో, ఎంత తొందరో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

రింగ్‌టెయిల్ పాసమ్ పెద్దది అయినా ఒక కిలోకు అటూ ఇటూగానే, సుమారు 700 నుంచి 1,100 గ్రాములు. తోక ఒంటితో సమానంగా పొడుగు, కురచ బొచ్చు, చివర తెలుపు, ఆ చివర చుట్ట చుట్టుకుని ఉంటుంది. చెవులు చిన్నవి, గుండ్రంగా ఉంటాయి, వాటి వెనక తెల్ల మచ్చ. దీని పిల్లను ఎలుక అనుకుని చెత్తబుట్టలో పడేసేవాళ్లు ఉన్నారు. అనుమానం వస్తే వెనక పాదం చూడండి. బొటనవేలికి గోరు ఉండదు, అది మన బొటనవేలిలా పక్కకు తిరిగి ఉంటుంది. దాని పక్కనున్న రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, చివర రెండు గోళ్లతో ఉంటాయి. ఏ ఎలుకకూ ఇలాంటి పాదం ఉండదు.

బ్రష్‌టెయిల్ పాసమ్ ఇంతకంటే చాలా పెద్దది. కిలోంపావు నుంచి నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది. గుబురు తోక, నిక్కిన పెద్ద చెవులు, గులాబీ రంగు ముక్కు. కప్పులో దడదడలాడించేది సాధారణంగా ఇదే. ఒక కాన్పులో ఒకే పిల్ల. రింగ్‌టెయిల్‌కు ఎక్కువగా కవలలు. ఈ తేడా గుర్తుంచుకోండి: రింగ్‌టెయిల్ పిల్ల ఒకటి దొరికితే దాని జంట కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉండవచ్చు.

షుగర్ గ్లైడర్ బరువు 90 నుంచి 150 గ్రాములే. నుదుటి నుంచి వీపు మీదుగా నల్లని చార. ముందుకాలి చిటికెన వేలి నుంచి వెనకకాలి బొటనవేలి దాకా పల్చని చర్మం మడతపడి ఉంటుంది. గాలిలో తేలేటప్పుడు చాచేది దాన్నే. షుగర్ గ్లైడర్ అని అందరూ ఒకే పేరుతో పిలిచేదాన్ని శాస్త్రవేత్తలు 2020లో మూడు జాతులుగా విడదీశారు. రక్షించేవాడికి ఆ తేడాతో పని లేదు, ఎక్కడ దొరికిందో కచ్చితంగా రాసుకుంటే చాలు.

బాండికూట్ పేరు మన పందికొక్కు నుంచే పోయింది, జంతువుకు మాత్రం ఎలుకజాతితో చుట్టరికం లేదు. సన్నగా పొడుగు సాగిన ముట్టె, కురచ తోక, గంతులు వేసే నడక. రాత్రి పచ్చికలో గరాటు ఆకారంలో గుంటలు తవ్వి పురుగుల్ని తింటుంది. ఆ గుంటలు చూసి పందికొక్కు వచ్చిందని ఎలుకల మందు పెట్టకండి.

యాంటెకైనస్‌ను చూడగానే మన చుంచెలుకే అనిపిస్తుంది: కోసుగా ముట్టె, బూడిద గోధుమ రంగు, అరచేతిలో ఇమిడే ఒళ్లు. ఇళ్లలో తిరిగే చిట్టెలుకకు ముందు రెండు ఉలిపళ్లు, ఆ తర్వాత ఖాళీ. యాంటెకైనస్‌కు వరసగా చిన్న చిన్న కోసు పళ్లు. చెవి అంచు మడతపడి నొక్కు ఉంటుంది. ముందుపాదానికి ఐదు వేళ్లు, చిట్టెలుకకైతే నాలుగే కనబడతాయి. పళ్లు చూద్దామని నోరు తెరవబోతే కరుస్తుంది. చెవీ వేళ్లూ చూస్తే సరిపోతుంది. జిగురు అట్టకు అంటుకున్నవాటిలోనూ పిల్లి తెచ్చి గుమ్మంలో పడేసినవాటిలోనూ ఇవి ఎన్నో ఉంటాయి, ఎలుకల లెక్కలో కొట్టుకుపోతాయి.

ఇక ఫెదర్‌టెయిల్ గ్లైడర్, పిగ్మీ పాసమ్. మొదటిది 10 నుంచి 14 గ్రాములు. వీటి సంగతి కింద విడిగా చెప్పాం, ఎందుకంటే చచ్చిపోయాయని పారేసేది ఎక్కువగా వీటినే.

సాయం అవసరమా కాదా

ఇవన్నీ రాత్రి తిరిగేవి. పట్టపగలు నేల మీద కూర్చుని, మనిషి దగ్గరికి వచ్చినా కదలని పాసమ్‌కు ఏదో అయిందనే అర్థం. రక్తం, వేలాడే కాలు, ఈగలు, ఈగల గుడ్లు (బియ్యపు నూకల్లా బొచ్చులో అంటుకుని ఉంటాయి), మూసుకుపోయిన కన్ను, తల ఒక పక్కకు వాల్చడం, వెనక కాళ్లు ఈడ్చడం: ఇందులో ఏది కనబడినా పట్టాల్సిందే. పిల్లి నోట పడిందని తెలిస్తే గాయం ఉందా లేదా అని చూడనే అక్కర్లేదు. పిల్లి పళ్లు సూదుల్లాంటివి, గాటు బొచ్చు కింద దాగిపోతుంది. దాని నోట్లోని పాశ్చురెల్లా బ్యాక్టీరియా రక్తంలోకి పాకితే జంతువు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఆ రోజే వెట్ (పశువైద్యుడి) దగ్గర యాంటీబయోటిక్ పడాలి.

ఒంటరిగా కనబడిన పిల్ల విషయంలో చాలామంది "తల్లి వచ్చి తీసుకెళ్తుందిలే" అని ఆగుతారు. గూట్లోంచి పడిన పక్షిపిల్ల విషయంలో అది కొన్నిసార్లు నిజమే. జారిపడ్డ పిల్లను వెతుక్కుంటూ పాసమ్ తల్లి తిరిగి వస్తుందని మాత్రం నమ్ముకోలేం. చేతిలో ఇమిడేంత పాసమ్ పిల్ల పగలు నేల మీద ఉందంటే దానికి ఎవరూ లేరనే లెక్క.

సాయం అక్కర్లేని సందర్భం ఒకటుంది. బ్రౌన్ యాంటెకైనస్ మగవి ఏడాది వయసులో, చలికాలం చివర జతకట్టే కాలం అయిపోగానే అన్నీ చచ్చిపోతాయి. ఒత్తిడి హార్మోన్లు పెరిగి రోగనిరోధక శక్తి కూలిపోతుంది. బొచ్చు ఊడి తూలుతూ పగటిపూట తిరిగే పెద్ద మగ యాంటెకైనస్ ఆ రోజుల్లో కనబడితే దాన్ని బతికించే మందు లేదు. ఫోన్ చేసి చెప్పండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

కారు డిక్కీలో ఏం ఉండాలి

మూతపడే అట్టపెట్టె ఒకటి, పక్కల్లో గాలికి కన్నాలతో. పాత తువ్వాళ్లు రెండు, దిండు గలీబులు రెండు. గలీబు ఎందుకంటే అతుకులు లోపలికి ఉండేలా తిరగేస్తే పిల్లకు అప్పటికప్పుడు తల్లి సంచి తయారు. ఉన్ని టోపీ ఉంటే ఇంకా మంచిది. తోలు గ్లవ్స్ ఒక జత, పల్చని వాడిపారేసే గ్లవ్స్ కొన్ని. మొద్దు మొన కత్తెర, పిన్నీసులు, టార్చి, చిన్న వేడినీళ్ల సంచి, వైర్ కట్టర్. వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ కూడా. ఇది చాలామందికి తోచదు, నిజానికి పిల్ల ప్రాణం నిలిపేది ఇదే.

పట్టే పద్ధతి

1. రోడ్డు మీదైతే ముందు మీ ప్రాణం. ఫ్రీవే మీద ఆగవద్దు, చోటు చెప్పి ఫోన్ చేయండి. మామూలు రోడ్డయితే ఎడమకు తీసి హజార్డ్ లైట్లు వేసి దిగండి.

2. పిల్లలనూ కుక్కనూ దూరం పంపండి. గట్టిగా మాట్లాడకండి. ఈ జంతువుకు మనిషి కూడా వేటాడే జంతువే.

3. వెనక నుంచి వచ్చి తువ్వాలు మొత్తం ఒంటిమీద, ముఖ్యంగా తలమీద పడేలా వేయండి. కళ్లు కప్పితే సగం గింజులాట ఆగిపోతుంది.

4. తువ్వాలుతో సహా రెండు చేతులతో కింద నుంచి ఎత్తి పెట్టెలో పెట్టండి. బ్రష్‌టెయిల్ గోళ్లకు తోలు గ్లవ్స్ కావాలి. తోక పట్టుకుని ఎత్తకండి. బాండికూట్ విషయంలో ఇంకా జాగ్రత్త, భయంతో తన్నుకుని కాలు విరగ్గొట్టుకుంటుంది, గట్టిగా పట్టుకుంటే బొచ్చూ చర్మమూ ఊడొస్తాయి. దాన్ని తువ్వాలుతో పొట్లంలా చుట్టేయండి.

5. యాంటెకైనస్, గ్లైడర్‌లు చిన్న సందు దొరికినా దూరిపోతాయి. అట్టపెట్టె మూత సందులు వీటికి వీధి గుమ్మాలు. గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాకు చిన్న కన్నాలు పెట్టి వాడండి.

6. పెట్టె మీద చోటు, సమయం, ఏమైంది అన్నవి పెన్నుతో రాయండి. చోటు అంటే సబర్బ్ పేరు కాదు, వీధి, ఇంటి నంబరు, ఏ చెట్టు కింద. కోలుకున్నాక దాన్ని మళ్లీ అక్కడికే చేర్చాలి.

పెట్టె మూత మాటిమాటికి తీసి చూడకండి. ఫోటో ఒకటి తీసి చాలించండి. కారులో పాటలు ఆపండి.

చనిపోయిన తల్లి సంచి

ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చినవాళ్లకు అందరికంటే ముందు నేర్పాల్సింది ఇది. కారు గుద్దిన పాసమ్ చచ్చి పడి ఉంటుంది, సంచిలో పిల్ల బతికే ఉంటుంది. తల్లి ఒళ్లు చల్లబడి గంటలు గడిచినా సరే.

గ్లవ్స్ వేసుకుని జంతువును వెల్లకిలా తిప్పండి. మగదైతే వృషణాలు కనబడతాయి, సంచి ఉండదు, అక్కడితో సరి. ఆడదైతే పొట్ట మీద చీలికలా సంచి నోరు ఉంటుంది. పాసమ్, గ్లైడర్‌లలో అది తలవైపు తెరుచుకుంటుంది. బాండికూట్‌లో తోకవైపు, తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా. కాబట్టి బాండికూట్‌ను వెనక నుంచి చూడాలి, లేకపోతే ఖాళీగా ఉందని పొరబడతారు. యాంటెకైనస్‌కు పూర్తి సంచి ఉండదు, చనుమొనలను చుట్టి చర్మం మడత ఉంటుంది, పిల్లలు చింతగింజలంత ఉన్నప్పుడు వాటికే వేలాడుతుంటాయి. సంచి నోటిని రెండు వేళ్లతో మెల్లగా సాగదీసి టార్చితో చూడండి.

పిల్ల గులాబీ రంగులో, కళ్లు మూసుకుని, చనుమొన నోట్లో పట్టుకుని ఉంటే లాగవద్దు. చనుమొన చివర పిల్ల నోట్లో ఉబ్బి బిరడాలా బిగుసుకుపోయి ఉంటుంది. లాగితే అంగిలి చీలి రక్తం కారుతుంది, దవడ చెడుతుంది. పైకి ఏమీ కనబడకపోయినా ఆ తర్వాత పాలు పీల్చలేదు. పాసమ్ చిన్న జంతువే కాబట్టి తల్లి కళేబరాన్ని పిల్లతో సహా తువ్వాలులో చుట్టి తీసుకెళ్లడమే అన్నిటికంటే మేలు. వెట్ విడదీస్తారు. చల్లబడిన తల్లి ఒళ్లు పిల్ల వేడిని లాగేస్తుంది, అందుకని సంచి ఉన్న వైపు, కళేబరానికి బయట గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సంచి ఆనించండి.

తల్లిని తీసుకెళ్లే వీలే లేకపోతే చనుమొనను తల్లి పొట్టకు ఆనుకుని, పిల్ల నోటికి వీలైనంత దూరంగా కత్తెరతో కత్తిరించండి. చివర మిగిలిన ముక్కకు పిన్నీసు గుచ్చి గలీబు గుడ్డకు పెట్టండి. లేకపోతే పిల్ల ఆ ముక్కను మింగేస్తుంది. పిల్ల చర్మానికి పిన్నీసు తగలకుండా చూసుకోండి.

పిల్లకు బొచ్చు వచ్చి, కళ్లు తెరిచి, చనుమొన వదిలేసి ఉంటే నెమ్మదిగా బయటికి తీసి నేరుగా గలీబులో వేయవచ్చు. సంచి ఖాళీగా ఉండి చనుమొన ఒకటి సాగి పొడవుగా కనబడితే పిల్ల సంచిలోంచి బయటికి వచ్చే వయసుది అన్నమాట, తల్లి వీపు మీద నుంచి ఎగిరి ఎక్కడో పడి ఉంటుంది. చుట్టూ పొదల్లో, పక్క కాలవలో, చెట్టు మొదట్లో టార్చి వేసి చూడండి.

చూడటం అయ్యాక కళేబరాన్ని రోడ్డు మీద నుంచి పక్కకు, గడ్డిలోకి లాగేయండి. లేకపోతే దాన్ని తినడానికి వచ్చే జంతువులకు కూడా వాహనాల దెబ్బ తగులుతుంది. రక్షక బృందాలవాళ్లు సంచి చూసినట్టు గుర్తుగా రంగు స్ప్రేతో గీత పెడతారు. అలాంటి గుర్తున్న దాని దగ్గర మళ్లీ ఆగనక్కర్లేదు.

వెచ్చదనం: చెయ్యి కాదు, థర్మామీటర్

గులాబీ పిల్లకు, అంటే ఇంకా బొచ్చు రానిదానికి, తన ఒంటివేడిని తాను నిలుపుకునే శక్తి లేదు. బొచ్చు లేని పిల్ల చుట్టూ 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పల్చని బొచ్చు వచ్చినదానికి 30 దాకా, ఒత్తుగా వచ్చినదానికి 28 దగ్గర. థర్మామీటర్ కొసను పిల్లకూ గుడ్డకూ మధ్య పెట్టి చూడాలి, పెట్టెలో ఒక మూల కాదు.

వేడినీళ్ల సంచిలో కుళాయి వేడినీళ్లు పోయండి, మరిగినవి కాదు. తువ్వాలు రెండు మడతలు చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టండి, వేడి ఎక్కువైతే జరగడానికి రెండో పక్క చల్లగా ఉండాలి. గులాబీ పిల్ల జరగలేదు, దానికి మీరే కాపలా. గంటకోసారి నీళ్లు మార్చాలి. చల్లారిన సంచిని అలాగే వదిలేస్తే అదే పిల్ల వేడిని పీల్చేస్తుంది, చాలాసార్లు జరిగే పొరపాటు ఇదే. 36 దాటితే ఇంకో ప్రమాదం, పిల్ల ఒంట్లో నీరు ఆవిరైపోతుంది.

చేతిలో ఏమీ లేకపోతే పిల్లను గుడ్డసంచిలో వేసి మీ చొక్కా లోపల ఒంటికి ఆనించుకోండి. సరిపడా వేడి వస్తుంది. చెమట పట్టకుండా చూసుకోండి.

తలకు దెబ్బ తగిలిన పెద్ద జంతువుకు ఈ వేడి పనికిరాదు, వాపు పెరుగుతుంది. ముక్కులోంచో చెవిలోంచో రక్తం వస్తుంటే చీకటి, నిశ్శబ్దం మాత్రమే ఇచ్చి వెట్ దగ్గరికి పరిగెత్తండి.

చలికాలంలో కట్టెల కుప్పలోనో తలుపు వెనకనో ముద్దలా ముడుచుకుని, చల్లగా, కదలకుండా ఫెదర్‌టెయిల్ గ్లైడర్‌గానీ పిగ్మీ పాసమ్‌గానీ దొరికితే పూడ్చిపెట్టే ముందు ఆగండి. చలికి, తిండి కరువుకు ఇవి ఒంటివేడి తగ్గించుకుని మొద్దునిద్రలోకి పోతాయి. ఊపిరి నిమిషానికి ఎప్పుడో ఒకసారి తీస్తాయి. పెట్టెలో వేసి గది వేడిలో నిదానంగా తేరుకోనివ్వాలి. ఉన్నపళంగా హీటర్ ముందు పెడితే దాచుకున్న కాస్త శక్తీ ఖర్చైపోతుంది.

తిండి ఎందుకు వద్దు

చల్లబడ్డ ఒంట్లో పేగులు పనిచేయవు. అందులో పాలు పోస్తే అక్కడే పులిసిపోతాయి. వేడి వచ్చాకైనా ఆవుపాలు పనికిరావు. సంచిజంతువుల పిల్లలు ఆ పాలలోని చక్కెరను (లాక్టోజ్) సరిగా అరిగించుకోలేవు. విరేచనాలు పట్టుకుంటాయి, ఇరవై ముప్ఫై గ్రాముల పిల్లకు ఒక పూట విరేచనమే ప్రాణం తీస్తుంది. మనుషుల పిల్లలకు పట్టే డబ్బా పాలూ అంతే. డ్రాపర్‌తో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, అది రెండు రోజుల తర్వాత బయటపడుతుంది, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

పండ్లు కూడా వద్దు. రింగ్‌టెయిల్ కడుపు ఆకుల కోసం తయారైంది. పగలు తన మెత్తని పెంటికలను తానే తిని, ఆ ఆకును రెండోసారి అరిగించుకుంటుంది. అరటిపండు, యాపిల్, రొట్టె పడితే ఆ పేగులోని బ్యాక్టీరియా తలకిందులై కడుపు ఉబ్బుతుంది. పెద్ద పాసమ్‌ను రాత్రంతా ఉంచాల్సి వస్తే తడి యూకలిప్టస్ లేదా బాటిల్‌బ్రష్ రెమ్మ, చిన్న గిన్నెలో నీళ్లు పెడితే చాలు.

ఫోన్, చట్టం

ఈ జంతువులన్నిటికీ చట్టం రక్ష ఉంది: విక్టోరియాలో 1975 నాటి వైల్డ్‌లైఫ్ యాక్ట్, క్వీన్స్‌ల్యాండ్‌లో 1992 నాటి నేచర్ కన్జర్వేషన్ యాక్ట్, న్యూ సౌత్ వేల్స్‌లో 2016 నాటి బయోడైవర్సిటీ కన్జర్వేషన్ యాక్ట్. దెబ్బతిన్నదాన్ని ఎత్తి వెట్‌కో లైసెన్సున్న కేరర్‌కో (ఇలాంటి జంతువులను కోలుకునేదాకా సాకేవాళ్లు) చేర్చడం తప్పు కాదు. ఇంట్లో అట్టే పెట్టుకుని పెంచడం తప్పు, ముద్దుగా ఉందని పిల్లలు ఎంత ఏడ్చినా సరే.

న్యూ సౌత్ వేల్స్‌లో వైర్స్: 1300 094 737. విక్టోరియాలో వైల్డ్‌లైఫ్ విక్టోరియా: 03 8400 7300. క్వీన్స్‌ల్యాండ్‌లో ఆర్‌ఎస్‌పీసీఏ: 1300 264 625. పశ్చిమ ఆస్ట్రేలియాలో వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్: 08 9474 9055. టాస్మేనియాలో బోనొరాంగ్: 0447 264 625. కాన్‌బెరాలో ఏసీటీ వైల్డ్‌లైఫ్: 0432 300 033. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఎండలు మండే రోజుల్లో లైను దొరకడం కష్టం, అలాంటప్పుడు ఎదురుచూడకుండా దగ్గర్లోని వెట్ క్లినిక్‌కు తీసుకెళ్లండి. అడవి జంతువును తెచ్చినవాళ్ల దగ్గర చాలా క్లినిక్‌లు డబ్బు తీసుకోవు. ఆ అనుమానంతోనే గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్లు మనలో ఎక్కువ.

చేతులు సబ్బుతో కడుక్కోండి. రింగ్‌టెయిల్ కాటు, గీరు వల్ల మనిషికి తులరీమియా అనే బ్యాక్టీరియా జబ్బు సోకిన కేసులు 2011లో టాస్మేనియాలో బయటపడ్డాయి. అరుదే, అయినా కరిస్తే డాక్టర్‌కు ఏ జంతువు కరిచిందో చెప్పాలి. విక్టోరియాలోని కొన్ని తీర ప్రాంతాల్లో, సబర్బ్‌లలో పాసమ్ పెంటికల్లో బురూలీ పుండు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

చిక్కుముడి కేసులు

*ముళ్లకంచెకు తగులుకున్న గ్లైడర్.* రాత్రి తేలుతూ వచ్చి పై తీగకు చిక్కుకుంటుంది, గింజుకునేకొద్దీ చర్మం తీగకు మెలిపడుతుంది. విడదీయబోతే తేలేందుకు వాడే చర్మం చీలుతుంది, చీలిక పెద్దదైతే ఆ జంతువు మళ్లీ అడవికి పోలేదు. తల మీద గుడ్డ కప్పి, ఒంటి బరువు తీగ మీద పడకుండా కింద చెయ్యి ఆసరా పెట్టి, రెండు పక్కలా తీగను కత్తిరించి, ముల్లుతో సహా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. కంచె యజమానికి చెప్పడం మరవకండి. పై తీగను ముళ్లు లేనిదిగా మారిస్తే ఈ బాధ తప్పుతుంది.

*పండ్లచెట్టు వల.* చిక్కుకున్న చోట చుట్టూ వలను కత్తిరించి ముక్కతో సహా తీసుకెళ్లండి. దారం బిగుసుకున్న చోట రక్తం ఆగి, విడిపించిన రెండు మూడు రోజులకు చర్మం కుళ్లుతుంది. అందుకే చూడటానికి బాగానే ఉందని వదిలేయకూడదు. 2021 సెప్టెంబరు 1 నుంచి విక్టోరియాలో ఇళ్లలో పండ్లచెట్లకు వేసే వల కన్ను, పూర్తిగా సాగదీసినా, 5 మి.మీ. x 5 మి.మీ. మించకూడదు. చిటికెన వేలు దూరితే ఆ వల పనికిరాదు. జామచెట్టుకో నిమ్మచెట్టుకో పాత వల ఉంటే ఇవాళే తీసేయండి.

*ఎండదెబ్బ.* వరుసగా రెండు మూడు రోజులు 35 దాటితే రింగ్‌టెయిల్‌లు చెట్టు దిగి వచ్చేస్తాయి, గూళ్లలోంచి రాలిపడతాయి. చల్లని చీకటి గదిలో పెట్టండి. పాదాలమీద, బొచ్చు మీద మామూలు నీళ్లు సన్నగా చల్లి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. పెద్దదైతే పల్చని పళ్లెంలో నీళ్లు పెట్టండి, నోట్లో పోయవద్దు. ఐసునీళ్లు వద్దు, పై చర్మంలో రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

*ఎలుకల మందు.* చిగుళ్లు తెల్లగా పాలిపోయి, ముక్కులోంచి రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు, పగలు మగతగా కూర్చోవడం. ఈ మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. దీనికి విరుగుడు విటమిన్ కె1, అది వెట్ దగ్గర ఉంటుంది. మీ ఇంట్లోదే అయితే మందు ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి, ఎన్ని రోజులు మందు వాడాలో దాన్నిబట్టే తేలుతుంది.

మీరే కేరర్ కావాలనుకుంటే

ఇల్లు పెద్దదై, రాత్రులు మేలుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోదగ్గ పని. న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సున్న బృందంలో చేరి దాని శిక్షణ పూర్తి చేయాలి. విక్టోరియాలో షెల్టర్ కింద ఫాస్టర్ కేరర్‌గా అనుమతి పొందాలి. మొదట ఎవరికీ గులాబీ పిల్లల్ని ఇవ్వరు, బొచ్చు వచ్చిన రింగ్‌టెయిల్‌లతో మొదలవుతుంది.

పాలు ప్రత్యేకంగా తయారైనవి: వాంబరూ, బయోలాక్, డైవెటెలాక్ట్ అన్నవి కేరర్‌ల నోట వినబడే పేర్లు. పిల్ల పెరిగేకొద్దీ తల్లి పాలలో కొవ్వు, మాంసకృత్తుల పాళ్లు మారిపోతాయి, అందుకే వాంబరూ పాసమ్ పాలు వయసునుబట్టి రెండు రకాలుగా దొరుకుతాయి. ఒక బ్రాండ్ మొదలుపెట్టి మధ్యలో ఇంకోటి మారిస్తే విరేచనాలు ఖాయం. రోజుకు పట్టే పాలు సాధారణంగా ఒంటి బరువులో 10 నుంచి 20 శాతం, దాన్ని పూటలుగా విడగొడతారు. 60 గ్రాముల పిల్లకు రోజుకు 6 నుంచి 12 మి.లీ. అన్నమాట. గులాబీ పిల్లకైతే రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి. పాలు ఒంటివేడికి దగ్గరగా, 36 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. పిల్లను బోర్లా పట్టుకుని, తల కాస్త ఎత్తి, 1 మి.లీ. సిరంజీకి మెత్తని రబ్బరు చివర తగిలించి చుక్కచుక్కగా పెడతారు. ముక్కులోంచి పాలు పొంగితే వెంటనే ఆపి తల కిందికి వంచాలి.

పాలకు ముందో తర్వాతో గోరువెచ్చని తడి టిష్యూతో తోక కింద మెల్లగా తడితే మూత్రం, మలం వస్తాయి. తల్లి నాకి చేసే పని ఇది, చేయకపోతే పిల్ల తనంతట తాను విసర్జించదు. రోజూ ఒకే వేళకు గ్రాముల త్రాసులో తూకం వేసి రాసుకోవాలి. పిల్ల చూడటానికి హుషారుగానే ఉంటుంది, చిక్కు ముందుగా బయటపడేది తూకంలో. రెండు రోజులు వరుసగా పెరగకపోతే వెట్‌కు చూపించాలి.

రింగ్‌టెయిల్ పిల్లలు ఆకు తినే దశకు వచ్చేసరికి ఆరోగ్యంగా ఉన్న పెద్ద రింగ్‌టెయిల్ మెత్తని పెంటికలను పాలలో కలిపి ఇస్తారు. వినడానికి వికారంగా ఉన్నా ఆకును అరిగించే బ్యాక్టీరియా వాటికి అందేది అలాగే. యూకలిప్టస్, లిల్లీపిల్లీ, బాటిల్‌బ్రష్, టీట్రీ కొమ్మలు రోజూ సాయంత్రం తాజాగా కోసి నీళ్ల సీసాలో నిలబెట్టాలి. మందు చల్లిన చెట్టు, బస్సులు తిరిగే రోడ్డు పక్క చెట్టు వద్దు. రింగ్‌టెయిల్‌ను ఒంటరిగా పెంచకూడదు. వేర్వేరు చోట్ల దొరికిన పిల్లల్ని ఒకే ఈడువి చూసి గుంపుగా కలిపేస్తారు. అవి కలిసి పెరిగి, కలిసే ఒక గూట్లో పడుకుని, ఆ గూటితో సహా బయటికి పోతాయి. ముందు కొన్ని వారాలు బయటి పంజరంలో, వానా గాలీ అలవాటయ్యేలా ఉంచుతారు. మనిషిని చూసి పరిగెత్తి దాక్కునే రోజు వచ్చిందంటే అవి సిద్ధమైనట్టే. దగ్గరికి వచ్చి భుజమెక్కే పాసమ్‌ను వదిలితే అది పక్కింటి కుక్క భుజమూ ఎక్కబోతుంది.

పెద్ద బ్రష్‌టెయిల్‌కు నయమయ్యాక కొత్త చోటు చూడకూడదు. ప్రతి చెట్టు తొర్రకూ అప్పటికే ఒక యజమాని ఉంటుంది, కొత్తగా వచ్చింది దెబ్బలాటలోనో కారు కిందో పోతుంది. దొరికిన చోటే, చీకటి పడ్డాక వదలాలి. మీ కప్పులో చేరినదానికీ ఇదే సూత్రం: పట్టి దూరంగా పార్కులో వదిలేద్దామంటే కుదరదు. విక్టోరియాలో 50 మీటర్ల లోపు, న్యూ సౌత్ వేల్స్‌లో 150 మీటర్ల లోపు, అదే రోజు పొద్దుగూకాక వదిలిపెట్టాలి. దానికంటే పెరట్లో చెట్టుకు నాలుగు మీటర్ల ఎత్తున ఒక చెక్కపెట్టె బిగించి, రాత్రి అది మేతకు బయటికి వెళ్లిన వేళ చూసి, లోపల పిల్ల లేదని నిర్ధారించుకుని, కప్పు సందును బలమైన ఇనుప జాలీతో మూసేయండి.